ఆగ్నేయ మూలన నెట్ పెట్టె

నాచారంలో మా ఇంటి నెట్ పెట్టె వంటగదిలో ఉంటుంది. దానికి ఎడమపక్క ఫ్రిజ్, కుడిపక్క మైక్రోవేవ్ ఓవెన్, ముందు స్టీలు బియ్యం డబ్బా. డబ్బా వెనక నుంచి రెండు పచ్చ లైట్లు మాత్రం కనిపిస్తాయి. అక్కడ పెట్టించింది మా ఆయన. ఎందుకంటే అది ఆగ్నేయ మూల. కరెంటుతో నడిచేది, వేడెక్కేది ఏదైనా ఆగ్నేయంలోనే ఉండాలట. పుస్తకంలో ఉందట.

"పుస్తకంలో ఉంది" అనే మాటతో నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేశాను. మంచం తల ఎటు ఉండాలి, చీపురు ఎక్కడ ఆనించాలి, నేను ఏ వారం పుట్టింటికి పోకూడదు, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. పుస్తకమంటే అట్ట చిరిగిన ఒక వాస్తు పుస్తకం. బీరువా మీద ఉంటుంది. నేను ఏదైనా ఎదురు చెప్తే అది దించి, దుమ్ము దులిపి, వేలు పెట్టి, గొంతు పెద్దది చేసి చదివేవాడు. ఆ వేలి కింద ఏముందో నాకు తెలియదు కాబట్టి విని ఊరుకునేదాన్ని.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అంతకు ముందు ఇక్కడి ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ పని చేశాను. సీసాల మీద లేబుళ్ళు అతికించే పని. తలకిందులుగా అతికిస్తే సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టేవాడు. అక్షరాలు తెలియవు కాబట్టి ఎర్ర గీత పైకి రావాలని గుర్తు పెట్టుకున్నాను. ఒకసారి కంపెనీ వాళ్ళు ఎర్ర గీతను కిందికి మార్చారు. ఆ రోజు నేను అతికించిన సీసాలన్నీ తలకిందులే. ఆ తిట్లు ఇప్పటికీ నాకు మాట మాటా గుర్తున్నాయి.

పని మానేశాక ఉప్పల్‌లో ఆడవాళ్ళకు చదువు చెప్పే సెంటర్ ఉందని విని పోయాను. మా ఆయన వద్దనలేదు. నవ్వాడు.

"ఏం జేస్తవే? కలెక్టర్ అయితవా?"

"కాను. గా పుస్తకంల ఏమున్నదో సూస్త" అన్నాను.

అప్పుడు నవ్వు ఆపాడు.

ఆయన టెన్త్ దాకా చదివాడు. పాస్ కాలేదు, లెక్కల్లో పోయింది. ఈ సంగతి మా అత్త పోయే ముందు ఏడాది నోరు జారి చెప్పింది. అప్పటిదాకా ఆయన "టెన్త్" అనేవాడు, అంతే. నేను కూడబలుక్కుని చదవడం నుంచి పేపర్ చదవడం దాకా వచ్చాక, టెన్త్ పరీక్ష ప్రైవేటుగా రాయొచ్చని సెంటర్లో మేడం చెప్పింది. నేను రాస్తానన్నాను. ఎందుకని ఆమె అడిగింది. చదువు మీద ఇష్టమని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఆయన తప్పిన పరీక్షను ఆయన ఇంట్లో కూర్చుని పాస్ కావాలని. నాకు ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

సెంటర్ నడిచే గదిని ఓనరు ఖాళీ చేయించాడు. అప్పటి నుంచి మేడం మల్కాజిగిరిలో తన ఇంట్లో గోడకు నల్లబల్ల పెట్టుకుని, గురువారం తప్ప రోజూ మధ్యాహ్నం మూడింటికి వీడియోలో పాఠం చెప్తోంది. మేము చూస్తూ ఉండాలి. నడుమ నడుమ ఆమె బల్ల మీద ఒక లెక్క రాస్తుంది. జవాబు ఫోన్‌లో మెసేజ్ పెట్టాలి. పెట్టినవాళ్ళకే హాజరు. ఎవరికైనా నెలలో మూడు హాజర్లు పోతే పరీక్షకు పంపే లిస్టులో పేరు తీసేస్తుంది. కఠినమే, కానీ అందరికీ ఒకటే కఠినం.

నా ఫోన్ చిన్నది, అద్దం పగిలింది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అందులో మెసేజ్ పెట్టగలను కానీ నల్లబల్ల చూడలేను. అందుకని దమ్మాయిగూడలో ఉండే మా బిడ్డ తన పాత టీవీని నాకిచ్చి, దాంట్లో పాఠం ఎట్లా పెట్టుకోవాలో నేర్పి పోయింది. ముందు గదిలో గోడకు ఉంది. పెద్దది. నల్లబల్ల మీద సుద్దముక్క పొడి రాలడం కూడా కనిపిస్తుంది.

కనిపించాలి. కానీ పాఠం మొదలైన పది నిమిషాలకు మేడం నోరు తెరిచి ఆగిపోయేది. ఆమె ముఖం మీద ఒక తెల్ల సున్నా గిరగిర తిరిగేది. తిరిగి తిరిగి వదిలేసరికి ఆమె బల్లకు అవతలి చివర ఉండేది, నడుమ చెప్పింది పోయేది. బిడ్డను అడిగితే, బొమ్మ క్వాలిటీ తగ్గించి చూడమంది. తగ్గించాను. ఆగడం తగ్గింది కానీ నల్లబల్ల అంతా తడిగుడ్డతో అలికినట్టయింది. మూడుకూ ఎనిమిదికీ తేడా లేదు. లెక్కల పాఠం అట్లా చూసి ఏం లాభం. మళ్ళీ పెంచాను. మళ్ళీ సున్నా.

మా ఆయన వెనక కుర్చీలో కూర్చుని చూసేవాడు. రిటైరయ్యాక ఆయనకు మధ్యాహ్నం వేరే పని లేదు.

"మిషిన్‌కు గూడ తెలుస్తది, ఎవరు సూస్తున్నరో" అనేవాడు. "నేను వార్తలు వెడ్తే ఆగుతదా?"

నిజంగానే ఆయన పొద్దున వార్తలు చూస్తే ఆగేది కాదు. అందుకే నేను కొన్ని రోజులు నా చెయ్యే మంచిది కాదనుకున్నాను. రిమోట్ పట్టుకోవాలంటే కూడా జంకాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీద ఎక్కువ కోపం వస్తుంది.

ఆ నెలలో మొదటి హాజరు పోయింది. లెక్క బల్ల మీద ఉన్నంతసేపూ సున్నా తిరిగింది. నేను నెట్ వేసే ఆయనకు ఫోన్ చేశాను. ఆయనది నాచారంలోనే చిన్న షాపు. గడ్డం నెరిసిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. వచ్చాడు. వంటగదిలోకి పోయి బియ్యం డబ్బా పక్కకు జరిపి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. దసరాకు మా ఆయన ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ పసుపు రాసి బొట్టు పెడతాడు. నెట్ పెట్టెకు మూడు పక్కలా పెట్టాడు. గాలాడే సన్న కంతలు పసుపుతో పూడిపోయి ఉన్నాయి.

"ఎవరు జేసిన్రు అక్కా గీ పూజ?"

"పక్కనే ఉన్నడు, అడుగు" అన్నాను.

అతను పిన్నుతో కంతలు శుభ్రం చేశాడు. ఫోన్‌లో ఏదో చూసి, లైన్ మంచిగానే ఉందన్నాడు. "అంకుల్, పెట్టెను ముందు రూములకు మార్సుదాం. టీవీ పక్కన పెడితే ఏ లొల్లి ఉండది. గీడ ఫ్రిజ్జు, డబ్బా, గోడ, అన్నీ అడ్డమే."

"ముందు రూము ఈశాన్యం" అన్నాడు మా ఆయన. "ఈశాన్యంల నిప్పు వెడ్తరా?"

"నిప్పు గాదు అంకుల్, నెట్."

"కరెంటంటే నిప్పే. పుస్తకంల ఉన్నది."

"మరి టీవీ గాడనే ఉన్నది గద" అన్నాను నేను.

"నిన్ను అడిగిన్నా?"

నెట్ ఆయన ఇద్దరినీ ఒకసారి చూసి, ఇంకో మాట చెప్పాడు. పెట్టె అక్కడే ఉండనీ, అక్కడి నుంచి టీవీ దాకా ఒక వైర్ లాగుతాను, గాలిలో రావడం కంటే అదే గట్టిది అన్నాడు. మా ఆయన దానికీ ఒప్పుకోలేదు. కొత్తగా సున్నం వేయించిన గోడలకు ఒక్క మేకు దిగినా ఊరుకోనన్నాడు. ఆయన ఊరుకోనంటే అరుస్తాడని కాదు. మూడు రోజులు అన్నం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా లేచిపోతాడు. వండినదాని మీద కక్ష తీర్చుకునే మనిషి.

పోతూ పోతూ నెట్ ఆయన గేటు దగ్గర ఆగాడు. "ఒక పని జెయ్యి అక్కా. ఎప్పుడెప్పుడు ఆగుతున్నదో, గప్పుడు ఇంట్ల ఏం నడుస్తున్నదో రాసి పెట్టు." అని, ఒక్క క్షణం తడబడ్డాడు. "రాయనీకి వస్తదా?"

"వస్తది" అన్నాను. ఆ మాట అనడానికి నాకు యాభై ఏళ్ళు పట్టిందని అతనికేం తెలుసు.

లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో రాశాను. గోడ గడియారం చూసి టైము, పక్కన అప్పుడు ఏం నడుస్తోందో. మొదటి రోజు అంతా రాశాను. ఫ్యాన్ తిరుగుతోంది. మోటార్ నడుస్తోంది. పైన కిరాయి వాళ్ళ మిక్సీ. బయట కూరగాయల బండి మైకు. రెండో రోజు ఫ్యాన్ కొట్టేశాను, ఎందుకంటే అది ఆగినప్పుడూ ఉంది, ఆగనప్పుడూ ఉంది. మూడో రోజు మోటార్, మిక్సీ కొట్టేశాను. మేడం రికార్డు చేసి పంపిన పాత పాఠాలు పొద్దునా, సాయంత్రం కూడా పెట్టి చూశాను. నాలుగో రోజుకు పేజీలో ఒకటే మాట మిగిలింది.

చాయ్.

మా ఆయన చాయ్ పొయ్యి మీద వేడి చేసుకోడు. రెండున్నరకు నేను పెట్టిచ్చిన చాయ్‌ని ముందర పెట్టుకుని చల్లారనిచ్చి, గ్లాసు తీసుకుపోయి ఓవెన్‌లో పెడతాడు. సగం తాగి మళ్ళీ చల్లారనిస్తాడు. మళ్ళీ పెడతాడు. ఓవెన్ గుర్రుమన్నంతసేపూ టీవీలో సున్నా తిరుగుతుంది. టింగ్‌మని ఓవెన్ ఆగాక మేడం కదులుతుంది. పొద్దున వార్తల వేళ ఓవెన్ నడవదు, ఎందుకంటే పొద్దున చాయ్ పొయ్యి మీంచి వేడిగా నేనే ఇస్తాను.

నెట్ ఆయనకు ఫోన్ చేసి పేజీ మొత్తం చదివి వినిపించాను. అవతల నవ్వాడు, ఎగతాళిగా కాదు.

"ఓవెనే అక్కా. అది తిరుగుతుంటే పెట్టె నుంచి గాలిల వచ్చే నెట్‌ను చెడగొడ్తది. పక్కపక్కనే పెట్టిన్రు గద. మస్తు కరెక్టుగ రాసినవు."

ఆ రోజు సాయంత్రం నోటు పుస్తకం తీసుకుపోయి మా ఆయన ముందు పెట్టాను. కోపంగా కాదు. ఆయనకు తెలియక జరుగుతోందనే అనుకున్నాను. "గీ మూడింటి నుంచి నాలుగింటి దాక ఓవెన్ వెట్టకు. చాయ్ నేనే పొయ్యి మీద వేడి జేసి ఇస్త, పాఠం అయినంక" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పేజీ పైనుంచి కింది దాకా చదివాడు. మళ్ళీ పైకి పోయాడు. జేబులో పెన్ను తీసి నాలుగు అక్షరాలకు సున్నాలు చుట్టాడు.

"నాలుగు తప్పులున్నయ్" అని పుస్తకం నా చేతికిచ్చాడు.

ఆ సున్నాలు ఇంకా ఆ పేజీలో ఉన్నాయి.

మర్నాడు మూడు దాటాక ఆయన గ్లాసు పట్టుకుని లేచాడు. నేను చూశాను. ఆయన నన్ను చూడలేదు. ఓవెన్ గుర్రుమంది. మామూలుగా ఒక్క నిమిషం పెడతాడు. ఆ రోజు నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఐదు నిమిషాలు. గ్లాసెడు చాయ్‌కి ఐదు నిమిషాలు పెడితే అది పొంగి ఓవెన్‌లోని గాజు పళ్ళెం నిండుతుంది. టింగ్‌మంది, మళ్ళీ గుర్రుమంది. మేడం చెయ్యి గాలిలో ఆగి ఉంది. అది కదిలేసరికి బల్ల తుడిచేసి ఉంది. రెండో హాజరు పోయింది.

నేను వంటగదిలోకి పోయాను. పళ్ళెమంతా చాయ్. ఆయన గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ ఇంట్లో ఆయన గుడ్డ పట్టుకోగా నేను చూడటం అదే మొదటిసారి.

"సదివినవు గద, నేను రాసింది" అన్నాను.

"చాయ్ తాగొద్దా నా ఇంట్ల?"

"పెట్టెను అవతల పెడ్దం అంటే వద్దంటివి."

"పుస్తకంల ఉన్నది అంటున్న గద."

నేను కుర్చీ వేసుకుని బీరువా మీది పుస్తకం దించాను. ఆయన ముందే వంటగది గట్టు మీద పరిచి ఆగ్నేయం పేజీలు తీశాను. పదాలు పొడుగ్గా ఉన్నాయి, నాకు టైము పట్టింది. ఆయన నిలబడి చూశాడు. పొయ్యి గురించి ఉంది. దీపం గురించి ఉంది. వంట చేసే ఆడది ఎటు తిరిగి నిలబడాలో కూడా ఉంది. నెట్ పెట్టె గురించి ఒక్క అక్షరం లేదు. కరెంటు అనే మాటే లేదు. చీపురు కోసం వెతికాను. అదీ లేదు. పుట్టింటికి పోయే వారాల కోసం వెతికాను. ఆ పుస్తకంలో వారాలే లేవు.

మా అమ్మకు ఒంట్లో బాగాలేదని ఊరి నుంచి కబురొచ్చినప్పుడు, ఆ వారం మంచిది కాదని నన్ను రెండు రోజులు ఆపాడు. నేను పోయేసరికి అమ్మ మాట్లాడే స్థితి దాటిపోయింది.

"యాడున్నది?" అని అడిగాను.

"నీకు అర్థం గాదు" అన్నాడు. "సదువుడు వేరు, అర్థం జేస్కునుడు వేరు."

మేడంకు ఫోన్ చేశాను. ఓవెన్ సంగతి చెప్పలేదు, నెట్ బాగాలేదని మాత్రం చెప్పాను. మొగుని మీద ఫిర్యాదు చేస్తే జాలిపడి హాజరు వేస్తుందేమో, అట్లా వచ్చిన హాజరు నాకొద్దు.

"లిస్టు శుక్రవారం సాయంత్రం పోతది అమ్మా" అంది. "ఇంకోటి పోతే నేనేం జేయలేను. మీకొక్కరికి ఇడిసిపెడితే మిగిలినోళ్ళు ఊకుంటరా?"

గురువారం పాఠం లేదు. ఆ రోజు నెట్ ఆయన షాపుకి నడిచిపోయాను. గోడకు మేకు కొట్టకూడదు, పెట్టె జరపకూడదు, వైర్ కావాలని చెప్పాను. అతను రెండు చివరలా పిన్నులున్న బూడిదరంగు వైర్ చుట్ట ఒకటి చేతిలో పెట్టాడు. ఏ చివరైనా ఎటైనా పెట్టొచ్చు, తలకిందులు కావడం ఉండదని చూపించాడు. "టక్ మని సప్పుడు రావాలె అక్కా. రాకపోతే పట్టనట్టు." సీసాల రోజుల్లో ఇట్లా చెప్పేవాళ్ళు ఒక్కరుంటే ఎంత బాగుండేది.

శుక్రవారం భోజనాలయ్యాక మా ఆయన మంగలి షాపుకి పోయాడు. నేను కుర్చీ వేసుకున్నాను. మా ఇంట్లో ప్రతి గుమ్మానికీ మామిడాకుల తోరణం కట్టే మేకులు రెండేసి ఉన్నాయి. ఆయనే కొట్టాడు, ఇల్లు కట్టినప్పుడు. వంటగది గుమ్మం, నడిమి గది గుమ్మం, ముందు గది గుమ్మం. వైర్‌ను పెట్టె వెనక గుచ్చాను, టక్‌మంది. ఫ్రిజ్ మీద నుంచి తీసుకుపోయి గుమ్మాల మేకులకు వేలాడేసుకుంటూ ముందు గదికి వచ్చాను. నడుమ కొంచెం జారింది, బట్టల తీగలాగా. టీవీ వెనక తడిమి తడిమి కంత పట్టుకున్నాను. టక్‌మంది. కొత్త మేకు ఒక్కటీ కొట్టలేదు. పెట్టె ఆగ్నేయంలోనే ఉంది.

టీవీలో నెట్ దేంట్లో నుంచి తీసుకోవాలో మార్చడానికి మాత్రం అరగంట పట్టింది. అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్కో అక్షరం ఫోన్‌లో బిడ్డకు చదివి వినిపిస్తే, ఆమె ఏది నొక్కాలో చెప్పింది.

పాఠం మొదలైన కాసేపటికి మా ఆయన గడ్డం గీయించుకుని వచ్చాడు. నడిమి గది గుమ్మం దగ్గర తలెత్తి వైర్‌ను చూశాడు. మేకులను చూశాడు. వంటగదిలోకి పోయాడు. అప్పటికి గట్టు మీద చాయ్ లేదు, నేను పెట్టలేదు.

మేడం త్రిభుజం గీస్తోంది. ఓవెన్ గుర్రుమంది.

నేను టీవీనే చూస్తున్నాను. సుద్దముక్క బల్ల మీద కదులుతూనే ఉంది. గీత ఎక్కడా తెగలేదు. వంటగదిలో టింగ్‌మంది, తలుపు తెరిచి వేసిన చప్పుడైంది, మళ్ళీ గుర్రుమంది. మేడం ఒక మూల యాభై అని రాసింది, ఇంకో మూల అరవై అని రాసింది, మూడో మూల ఎంతని అడిగింది. ఆరులో పొట్ట ఎంత గుండ్రంగా ఉందో కూడా కనిపించింది. మూడోసారి గుర్రుమంది. నేను ఫోన్‌లో డెబ్బై అని కొట్టి పంపాను. రెండుసార్లు చూసుకునే పంపాను.

మేడం ఫోన్ చూసుకుంటూ ఒక్కో జవాబు చదువుతోంది. మమ్మల్ని ఊళ్ళ పేర్లతోనే పిలుస్తుంది. "నాచారం అమ్మ, డెబ్బై. కరెక్ట్."

వెనక్కి తిరిగాను. మా ఆయన వంటగది గుమ్మంలో వైర్ కింద నిలబడి టీవీ చూస్తున్నాడు. వెనక ఓవెన్ ఇంకా తిరుగుతోంది. దాని అద్దంలో లైటు వెలుగుతోంది, లోపల ఖాళీ గ్లాసు ఉంది. చాయ్ కూడా లేదు. నీళ్ళు కూడా లేవు.

ఓవెన్ సంగతి ఆయనకు ఎంతకాలం నుంచి తెలుసో అడగలేదు. అడిగితే ఏదో పుస్తకం పేరు చెప్తాడు.

"గా వైర్ తీసెయ్" అన్నాడు చివరికి. "గుమ్మానికి అడ్డం వైర్ ఉంటే ఇంటికి మంచిది గాదు."

"పుస్తకంల లేదు" అన్నాను. "సదివిన."

ఆయన ఓవెన్ ఆపడానికి లోపలికి పోయాడు. సాయంత్రం లిస్టు పోయింది, అందులో నా పేరు ఉంది. ఆ రోజు రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచాడు. నేను నా పళ్ళెం ఖాళీ చేసి, ఆయన పళ్ళెంలోని అన్నం ఫ్రిజ్‌లో పెట్టాను. కావాలంటే ఓవెన్‌లో వేడి చేసుకుంటాడు, ఏ వేళైనా సరే.